నొప్పికి తెలియని భాష

ఈమధ్య మా ఇంటికి నడుం నొప్పి మనుషులు వస్తున్నారు. అరకులో ఎవరికి నడుం పట్టినా, కాలు లాగినా, "నర్సమ్మ టీచరు ఏడాది పైన మంచంలో ఉండి లేచింది, ఆవిణ్ణడుగు" అని ఎవరో ఒకరు మా రైల్వే క్వార్టరు వైపు చెయ్యి చూపిస్తున్నారు. నేను డాక్టర్ని కాదు. ఆశ్రమ పాఠశాలలో చిన్నపిల్లలకి తెలుగూ లెక్కలూ చెప్పేదాన్ని. అయినా వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఒకే మాట అడుగుతాను. ఎలాంటి నొప్పి అని.

"నొప్పేనండీ," అంటారు.

నాకు ఒళ్ళు మండుతుంది. సంతకెళ్ళి "కూరగాయలివ్వు" అంటే వాడేమిస్తాడు? వంకాయో బీరకాయో చెప్పొద్దూ? సలుపా, పోటా, మంటా, లాగుడా, సూదులతో పొడిచినట్టుందా, తిమ్మిరా? ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతోంది? ఇన్ని అడిగాక నెమ్మదిగా నోరు విప్పుతారు. లోపల బియ్యం ఏరుకుంటూ మా అత్త ఇదంతా వింటూ ఉంటుంది.

అలా అడగడం నేను అమ్మ దగ్గర నేర్చుకోలేదు, ట్రైనింగు కాలేజీలోనూ నేర్చుకోలేదు. వెల్లకిలా పడుకుని, పలక మొహానికి ఎదురుగా ఎత్తిపట్టుకుని, జపాను భాషలో నేర్చుకున్నాను. వినడానికి వింతగానే ఉంటుంది. అడిగిన ప్రతివాళ్ళకీ మొదటినుంచీ చెప్పే ఓపిక లేక రాస్తున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ కాళ్ళు చల్లబడతాయి. కాగితం మీద పెడితే కాస్త కుదుటపడతానేమోనని ఆశ.

ముందు మా అత్త సంగతి చెప్పాలి. ఆవిడ పేరు పైడమ్మ, శృంగవరపుకోట దగ్గర పల్లె. దీపాలు పెట్టాక పామును పాము అనదు, పురుగంటుంది. ఆటలమ్మ పోస్తే తల్లి వచ్చిందంటుంది. ఇవి చాలా ఇళ్ళలో ఉన్నవే. మా అత్త పుట్టింటివాళ్ళు ఇంకో మెట్టెక్కారు. ఆ ఇంట్లో నొప్పికి పేరు పెట్టకూడదు. పేరు పెట్టి పిలిస్తే అది పలుకుతుంది, పలికితే వస్తుంది, వచ్చి కూర్చుందంటే ఇక లేవదు. తల పగిలిపోతున్నా, పన్ను పీకేస్తున్నా ఒకటే మాట, "ఒంట్లో నలతగా ఉంది." ఆ ఒక్క మాటతోనే ఆవిడ పిల్లల్ని కంది, పొలం చేసింది, మొగుణ్ణి కాటికి సాగనంపింది.

పెళ్ళయిన కొత్తలో నేను నవ్వాను, చదువుకున్నదాన్ని కదా. కానీ ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉంటే, నమ్మకపోయినా నమ్మకాలు అంటుకుంటాయి. కొన్నాళ్ళకి నాకూ నోట్లోంచి నలత తప్ప ఇంకో మాట రావడం మానేసింది.

2003, కాఫీ కోతలు

ఆ ఏడు కాఫీ పళ్ళు ఎర్రబడి కోతలు మొదలయ్యే రోజుల్లో నాకు నడుం మధ్యలో ఏదో మొదలైంది. చలి అనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. సన్నబడ్డారు టీచరుగారూ అని తోటివాళ్ళంటే లోలోపల సంతోషపడ్డాను కూడా.

మా ఆయన సన్యాసిరావు రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసే మనిషి. పని ఎక్కువగా టైడా వైపు, సొరంగాల మధ్య. వానొచ్చినా బండ దొర్లినా పిలుపొస్తుంది. పిల్లలు లేరు మాకు. ఇంట్లో ఉండేది అత్తా నేనూనే. ఆయన ఇంటికొచ్చిన రోజు నా నడక చూసి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ కుర్ర డాక్టరు, పాపం, వరండా నిండా జనం.

"ఏంటమ్మా ప్రాబ్లం?"

"ఒంట్లో నలతగా ఉందండి."

"నలతంటే?"

"నలతేనండి. నడుం పట్టేసింది."

ఆయన మాత్రలు రాశాడు. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ నలతే అన్నాను, మళ్ళీ మాత్రలే రాశాడు. గుడ్డికన్ను మూసినా ఒకటే తెరిచినా ఒకటే అన్నట్టు, నేను వెళ్ళినా ఒకటే వెళ్ళకపోయినా ఒకటే అయింది. మా అత్త నువ్వులనూనె కాచి నడుముకి రాసేది. రాస్తున్నంతసేపూ ఎక్కడని అడిగేది కాదు, నేనూ చెప్పేదాన్ని కాదు. ఆవిడ చేతులే వెతుక్కుని అక్కడికి చేరేవి.

మిచికో గారు మాకు పరిచయమైంది ఆ రోజుల్లోనే. ఆవిడ భర్త ఇక్కడి రైతులకి కాఫీ పళ్ళు ఆరబెట్టడం, ఏరడం నేర్పడానికి జపాను నుంచి వచ్చాడు. అరవై దాటిన మనిషి ఆవిడ, రివట, చిన్న కత్తిరించిన జుట్టు. తెలుగు నేర్పమని నా దగ్గరికి వచ్చారు. నేను ఒకటో తరగతి వాచకం పెట్టి మొదలుపెట్టాను కాబట్టి ఆవిడ తెలుగు అచ్చం పుస్తకంలో ఉన్నట్టే ఉండేది. సంతలో "అమ్మా, ఈ చిక్కుడుకాయలు మిక్కిలి లేతగా ఉన్నవా?" అని అడిగితే అమ్మే మనిషి నోరు తెరుచుకుని చూసేది.

మా లోయలో జపాను అంటే రైలే. ఇనుపరాయి నింపుకున్న గూడ్సుబండ్లు మా క్వార్టర్ల వెనకనుంచే విశాఖ రేవుకి పోతాయి, అక్కణ్ణించి ఓడల్లో జపాను. మిచికో గారు మొదటిసారి ఇంటికొచ్చి వెళ్ళాక మా అత్త చాలాసేపు ఆలోచించింది.

"ఇన్నేళ్ళబట్టీ ఇక్కణ్ణించి కొండలకి కొండలు ఎత్తుకెల్లిపోనారు. ఇన్నాల్లకి అక్కణ్ణించి ఒక మనిసిని పంపినారు," అంది.

2004, మాఘమాసం

మాఘంలో ఒక పొద్దున క్లాసులో కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయాను. పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. నేను బల్ల అంచు పట్టుకుని, నవ్వుమొహం పెట్టుకుని, ఇంకోసారి చదవండర్రా అన్నాను. ఆ తర్వాత ఇంకోసారి చదవమన్నాను. ఎక్కం అయిపోతోంది గానీ నేను లేవడం లేదు. హాస్టల్లో వంటచేసే సోములమ్మ అటుగా వెళుతూ చూసింది. ఏమీ అడక్కుండా వచ్చి రెండు చంకల కిందా చేతులు వేసి లేపి, వరండా దాకా మోసినంత పని చేసింది.

"ఒల్లంతా సెమట్లు పట్టీసినాయి. ఇంత బాధ పెట్టుకుని ఎవులికీ సెప్పరేటి టీచరమ్మా?" అంది.

మర్నాడు పాసింజరు బండిలో విశాఖపట్నం బయలుదేరాం. మా ఆయన తన తోటివాళ్ళతో చెప్పి ఒక బల్లంతా నాకు ఇప్పించాడు. ఆ బండిలో ఎప్పుడూ లోయ చూసి వెళ్ళేవాళ్ళుంటారు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలూ పెద్దలూ కలిసి సరదాగా కేకలు వేస్తారు. మామూలుగా నాకు అది చిరాకు. ఆ రోజు మటుకు సొరంగం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. బండి చీకట్లోకి దూరగానే అందరితోపాటు నేనూ గొంతెత్తి కేకపెట్టేదాన్ని. వెలుగులోకి రాగానే నోరు మూసుకునేదాన్ని. టైడా దాటేవరకూ అలాగే వెళ్ళాను. మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయనకి తెలిసిపోయిందని నాకు తెలుసు.

పెద్దాసుపత్రిలో కూర్చోవడమే పెద్ద పని. కూర్చోలేనివాళ్ళు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. పేరు పిలిచేదాకా గోడకి ఆనుకుని నిలబడ్డాను. బెంచీ చివర శ్రీకాకుళం వైపు ముసలమ్మ ఒకామె తన సంచి కింద పెట్టేసి, పక్కవాళ్ళని జరిపించి, చేత్తో తన ఒడి తట్టి చూపించింది. "రా సెల్లీ, తల ఇక్కడెట్టుకో. నా పేరు పిలిస్తే లేపుతాన్లే," అంది. ఎవరో తెలియని మనిషి ఒళ్ళో తల పెట్టుకుని, ఫినాయిలు వాసన పీలుస్తూ, నేను నిద్రపోయాను. లేచేసరికి ఆమె పేరు పిలిచేశారట, ఆమె మాత్రం కదల్లేదు. ఆ మనిషి ఇప్పుడెక్కడుందో, ఏ జబ్బుతో వచ్చిందో కూడా నేను అడగలేదు.

వెన్నెముకకి క్షయ అన్నారు. పెద్ద డాక్టరు నెమ్మదైన మనిషి. "ఊపిరితిత్తులకే కాదమ్మా, ఎముకకీ వస్తుంది. మందులున్నాయి, తగ్గుతుంది. ఏడాదైనా వాడాలి, చెక్క మీద పడుకోవాలి. ఒక్కటి గుర్తుపెట్టుకో. కాళ్ళలో ఏ తేడా వచ్చినా ఆ రోజే రావాలి. అప్పుడు ఆపరేషన్ చెయ్యాలి. ఆలస్యమైతే ఇక నడవలేవు," అన్నాడు.

బయటికొచ్చాక మా ఆయన రెండు టీలు తెచ్చి రెండూ నాకే ఇచ్చాడు. తన చేతిలో ఏమీ లేదని కూడా గమనించలేదు. నాకు భయం వేసింది. చచ్చిపోతానని కాదు. కాళ్ళు లేకుండా బతుకుతానని.

ఇంటికొచ్చాక ఇంకో గొడవ. టీబీ అన్న మాట క్వార్టర్లలో మాకంటే ముందే చేరింది. ఎప్పుడూ గిన్నె పట్టుకుని వచ్చే పక్కింటివాళ్ళు పెరుగు తోడుకి రావడం మానేశారు. బడిలో సెలవు పెట్టుకోమన్నారు, మంచిమాటలతోనే. మా ఆయన గోడ చూస్తూ, "మీ అమ్మగారింటికి కిందకెల్తే మంచిదేమోనే, అక్కడ ఆసుపత్రి దగ్గర," అన్నాడు. నేను అటు తిరిగి పడుకున్నాను.

మా అత్త గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఎక్కడికీ ఎల్దు. నడిసొచ్చిన పిల్లని మోసుకెల్లి దిగబెట్టీసొస్తావేటిరా? లేగిసి నడిసినాక, అదే నడుసుకుని ఎల్తాది పుట్టింటికి. నువ్వెల్లి సెక్క కోయించు," అంది.

ఆ సాయంత్రమే మా ఆయన టేకుచెక్క తెచ్చి మంచం మీద పరిచాడు. అంచులు గరుకుకాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేశాడు. ఆ తర్వాత ఎప్పుడూ పుట్టింటి మాట ఎత్తలేదు. భయపడ్డ మగవాడు అలాంటి మాటలే మాట్లాడతాడని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం చాలా రోజులు ఆయనతో ముభావంగానే ఉన్నాను.

2004, ఎండలు

మంచం అంటే మంచమే. స్నానం, తిండి, అన్నీ అక్కడే. చేసేది మా అత్త. డెబ్భై దగ్గరపడుతున్న మనిషి, రోజూ నన్ను పక్కకి దొర్లించి, తుడిచి, మళ్ళీ దొర్లించేది. మందులకి మూత్రం ఎర్రగా దిగితే నేను రక్తమనుకుని ఏడిస్తే, "ఆ మాత్తర్ల రంగేనే, బట్టలకద్దుకోడానికి పనికొత్తాది," అని నవ్వించింది. నొప్పి గురించి మాత్రం ఒక్క మాట అడగలేదు.

మిచికో గారు పాఠం మానలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి మంచం పక్కన పీట వేసుకున్నారు. వచ్చిన రోజే అడిగారు.

"నర్సమ్మ గారూ, మీకు ఎటువంటి నొప్పి కలుగుచున్నది?"

నేను సమాధానం చెప్పేలోపు మా అత్త వంటింట్లోంచి వచ్చేసింది. "అమ్మా, ఆ మాట ఈ ఇంట్లో అనకూడదు," అని చేతులు జోడించింది. ఎందుకో నేను వివరించాను. మిచికో గారు నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. చాలాసేపు తలాడించి, వాళ్ళ దేశంలోనూ చావనో బాధనో వినిపిస్తాయని ఆసుపత్రిలో కొన్ని అంకెలు పలకరని చెప్పారు. తర్వాత మా అత్త వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగారు.

"అత్తగారూ, ఆ నొప్పికి జపాను భాష వచ్చునా?"

మా అత్త తెల్లబోయింది. ఆవిడకి ఎవరూ ఎప్పుడూ వెయ్యని ప్రశ్న అది. పీట లాక్కుని కూర్చుని నిజంగానే ఆలోచించింది.

"దానికెలగొత్తాది? ఇక్కడ పుట్టిందే కదా," అంది చివరికి. "ఆ బాసలో అయితే సెప్పుకోండి. దానికి తెల్దు."

అలా మొదలైంది. మిచికో గారికి కూడా ఒకప్పుడు నడుముకి ఆపరేషన్ అయింది. వాళ్ళ దగ్గర డాక్టరు ఎక్కడా అని అడిగి ఊరుకోడట, ఎలా అని అడుగుతాడట. దానికి చిన్నపిల్లలకి కూడా మాటలు తెలుసట. గుండె కొట్టుకున్నట్టు లోపల పోటు పెడితే జుకిజుకి. సూదులు పొడిస్తే చికుచికు. కాలిన చోట చర్మం మండితే హిరిహిరి. తలలో డప్పు వాయిస్తే గన్‌గన్. కడుపులో సన్నగా, ఆగకుండా, పెద్దది కాకుండా, తగ్గకుండా ఉండేది షికుషికు. ఎవరికీ వినపడకుండా ఏడ్చే ఏడుపుకి కూడా అదే మాట వాడతారని చెప్పారు. నరంలో చీమలు పాకి మొద్దుబారితే జిన్‌జిన్.

నాకు ఆశ్చర్యమేసింది. మనకీ ఉన్నాయి కదా ఈ మాటలు. జివ్వుమంది, చురుక్కుమంది, కలుక్కుమంది, సలసలమంటోంది అని మా అమ్మమ్మ అనేది. పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఎక్కడో పారేసుకున్నాను.

రోజూ సాయంత్రం మిచికో గారు హాజరు పిలిచినట్టు ఒక్కొక్క మాటా పిలిచేవారు. జుకిజుకి? ఉందండి. చికుచికు? ఇవాళ రాలేదండి. హిరిహిరి? మా అత్త చేటలో రాగులు చెరుగుతూ, తనకేమీ పట్టనట్టు, అన్నీ వినేది. "ఇయాల జుకిజుకి రాలేదేటి, సెలవెట్టినాదా?" అని ఒకరోజు తనే అడిగింది. అది ఆవిడ నన్ను నా నొప్పి గురించి అడిగిన మొదటిసారి. నేను మొహం గోడకి తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను.

అక్షరాలు కూడా నేర్పమన్నాను. టీచర్ని కదా, పలక లేకుండా నాకు చదువనిపించదు. పడుకుని పలక పైకెత్తి రాస్తే సుద్దపొడి అంతా కళ్ళలో రాలేది. మొదట నేర్చుకున్నది 痛. నొప్పి అని అర్థం. పైన చుక్క, కింద ఇంటికప్పులాంటి గీత, ఎడమవైపు కిందికి జారిన పొడుగు గీత, దాని పక్కన రెండు చిన్నవి. జబ్బులకి సంబంధించిన అక్షరాలకి చాలావాటికి ఈ పైభాగమే ఉంటుందట. పూర్వం అది మంచం మీద పడుకున్న మనిషి బొమ్మట. లోపల ఉండే ముక్కే 'దాటిపోవడం' అనే అక్షరంలోనూ ఉందని మిచికో గారు పక్కనే రాసి చూపించారు. ఎన్నిసార్లు రాసినా నా మనిషి మంచం మీంచి జారిపోయేవాడు. "సరిగ్గా పండబెట్టు, పడిపోతాడు," అని మా అత్త గదమాయించేది.

2004, వానలు

వానలు పట్టాయి. గోడలు చెమ్మగిల్లి, చెక్క కూడా చల్లగా తగిలేది. మందులు పడుతున్నాయి, సాయంత్రం వేడి తగ్గింది, జుకిజుకి పలచబడింది. అందరూ సంతోషించారు. అప్పుడే నా పాదాల్లో ఏదో మొదలైంది. చీమలు పాకుతున్నట్టు. మా అత్త కాళ్ళు తుడుస్తుంటే గుడ్డ తడి తెలిసేది గానీ చల్లదనం తెలిసేది కాదు.

డాక్టరు చెప్పిన మాట మరిచిపోలేదు. మరిచిపోలేదు కాబట్టే నోరు విప్పలేదు. తిమ్మిరి అంటే ఆపరేషన్. మా క్వార్టర్లలోనే ఒకాయన వెన్ను ఆపరేషన్‌కి వెళ్ళి చక్రాల కుర్చీలో తిరిగొచ్చాడు. ఆ మాట అంటే అది నిజమైపోతుంది. అనకపోతే రేపటికి పోతుందేమో. చదువుకున్నదాన్నే, మా అత్త పుట్టింటి ఆడపిల్లలాగే ఆలోచించాను.

మిచికో గారు ఆ సాయంత్రం గొడుగు బయట పెట్టి, తడిసిన కాళ్ళతో వచ్చి కూర్చున్నారు. మామూలుగానే మొదలుపెట్టారు.

"జుకిజుకి?"

"తక్కువండి."

"చికుచికు?"

"లేదండి."

"హిరిహిరి?"

"లేదు."

ఆ తర్వాత పిలవాల్సింది ఆవిడ పిలవలేదు. నా మొహం చూస్తూ కూర్చున్నారు. వాన రేకుల మీద కొడుతోంది. తెలుగులో అయితే చచ్చినా అనేదాన్ని కాదు.

"జిన్‌జిన్," అన్నాను.

ఆవిడ పలక కింద పెట్టేశారు. దుప్పటి తీసి, నా పాదాన్ని వేలితో రాస్తూ, ఎక్కడిదాకా అని అడిగారు. మడమ పైదాకా అన్నాను. చేతిలో ఉన్న సుద్దముక్కతో అక్కడ అడ్డంగా ఒక గీత గీశారు, రెండో కాలికీ గీశారు. మర్నాడు తెల్లారగానే వచ్చి మళ్ళీ వేలితో రాశారు. గీత దాటి చాలా పైకి, పిక్క సగం దాకా మొద్దుబారి ఉంది. సుద్దగీత కిందెక్కడో ఉండిపోయింది. నేను, మా అత్త, మిచికో గారు ముగ్గురమూ ఆ గీతనే చూశాం. ఎవరూ ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది.

"బేగి బండి కట్టించమ్మా," అంది మా అత్త మిచికో గారితో. అంటూనే నా బట్టలు మూటగట్టింది.

మిచికో గారి భర్త జీపు తెచ్చాడు. కాఫీ పళ్ళు ఆరబెట్టే తడకల్లో వెడల్పుగా ఉన్నది ఒకటి లోపల వేసి, దానిమీద నన్ను చెక్కతో సహా కట్టారు. మా ఆయన కబురందుకుని టైడా నుంచి పనిబట్టలతోనే వచ్చి ఘాట్ మధ్యలో ఎక్కాడు. ప్రతి మలుపులోనూ చెక్కని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. అనంతగిరి దిగుతుంటే దారిపొడుగునా మట్టిపెళ్ళలు. నేను ఆయన చేతుల మీద నరాలు చూస్తూ పడుకున్నాను. అంతవరకూ మిగిలిన ముభావం ఏదైనా ఉంటే ఆ మలుపుల్లో పోయింది.

పెద్ద డాక్టరు అడిగాడు. ఈసారి నేను నలత అనలేదు. ఎక్కడ మొదలైంది, నిన్న ఎక్కడిదాకా ఉంది, ఇవాళ ఎక్కడిదాకా వచ్చింది, వేడి తెలుస్తోందా, చల్లదనం తెలుస్తోందా, అన్నీ వరసగా తెలుగులోనే చెప్పాను. ఆయన కాళ్ళ మీద ఉన్న సుద్దగీతలు చూసి నర్సుతో ఏదో గబగబా చెప్పాడు. ఆ పూటే లోపలికి తీసుకెళ్ళారు.

తర్వాత కొన్నాళ్ళు నాకు గుర్తున్నది ఎదురుచూడటమే. ఆపరేషన్ బాగా అయిందన్నారు. కాళ్ళు వస్తాయా అంటే చూద్దాం అన్నారు. రోజూ ఒక డాక్టరు వచ్చి బొటనవేలు కదపమ్మా అనేవాడు. నేను కదిపేదాన్ని. అది కదిలేది కాదు. కదపడం అంటే ఏమిటో కూడా మరిచిపోయినట్టుండేది. మా అత్త మంచం కింద చాప వేసుకుని, పగలంతా నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ ఉండేది. అన్నం సరిగ్గా తినేది కాదు. అడిగితే ఆసుపత్రి కూడు సయించదనేది.

ఒక మధ్యాహ్నం వార్డంతా భోజనాల గొడవలో ఉండగా, ఆవిడ చేతులు నా పాదం మీద ఆగిపోయాయి. నేను తలెత్తి చూసేలోపే చటుక్కున దుప్పటి లాగి పాదాల మీద కప్పేసింది.

"ఏటత్తా?"

"ఏటీ నేదు. ఊరుకో," అంది. అటూ ఇటూ చూసి, వంగి, చెవిలో చెప్పింది. "ఏలు కదిలినాది. ఎవులితోనూ అనకు, దిష్టి తగుల్తాది."

మంచిదానిక్కూడా పేరు పెట్టదు ఆ మనిషి. దుప్పటి కింద నేను ఆ వేలుని మళ్ళీ మళ్ళీ కదుపుతూ, ఏడుస్తూ, నవ్వుతూ పడుకున్నాను. సాయంత్రం డాక్టరు వచ్చేదాకా మేమిద్దరం దొంగల్లాగే ఉన్నాం.

2005

నడక మళ్ళీ నేర్చుకోవడం గురించి పెద్దగా చెప్పను. నేర్చుకున్నవాళ్ళకి తెలుసు, మిగతావాళ్ళకి చెప్పినా తెలీదు. నడుముకి బెల్టు, చేతిలో కర్ర, మంచం నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి పట్టాల దాకా. మిచికో గారు తిరిగి వెళ్ళిపోయే ముందు చివరి పాఠంగా 'నడవడం' రాసి చూపించారు. 歩. పైన ఉన్నది 'ఆగడం', కింద ఉన్నది 'కొంచెం' అన్నారు. పండితులు ఒప్పుకుంటారో లేదో తెలియదు గానీ, చిన్నప్పుడు తను గుర్తుపెట్టుకున్న పద్ధతి అదేనట. వెళ్ళేటప్పుడు మా అత్తకి వంగి దండం పెట్టారు. మా అత్త ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "మీ బాస మంచిదమ్మా, కరవదు," అంది.

ఆ చలికాలం నేను ఒంటిపూట బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. మా ఆయన డ్యూటీకి పోయిన ఒక పొద్దున, మా అత్త రాగి అంబలి కలుపుతూ కలుపుతూ గరిటె వదిలేసి గోడకి చేరగిలబడి కూర్చుంది. చెయ్యి పక్కటెముకల కింద అదిమి పెట్టుకుంది.

"ఏటత్తా?"

"నలత. నువ్వెల్లు, బడికి పొద్దుపోతాది."

నేను చీర సర్దుకుంటున్నాను. వెనకనుంచి పిలిచింది.

"ఒలే నర్సీ."

తిరిగి చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు. గుమ్మం వైపు చూసింది, పొయ్యి వైపు చూసింది, ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు. తర్వాత గొంతు బాగా తగ్గించి అంది.

"సికుసికు."

నేను పొయ్యి పక్కన కూలబడ్డాను. బెల్టు గుచ్చుకుంటున్నా పట్టించుకోలేదు. ఎక్కడని అడిగితే చెయ్యి పెట్టిన చోటే చూపించింది. ఎప్పటినుంచని అడిగాను.

"నువ్వు మంచమెక్కిన కాణ్ణించి."

"అప్పట్నించీ? నన్ను ఎత్తి దొర్లించినన్నాళ్ళూనా? మరి చెప్పవేటత్తా?"

"నీ కాల్లు నీకొచ్చినాక సెప్దారనుకున్నాను," అంది. "అప్పుడు సెప్తే నన్నెవులు తీసుకెల్తారే?"

ఆవిడ ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. ఆవిడ చెయ్యి నా తల మీదుంది, రెండోది కడుపు మీదే ఉంది. అది కడుపులో పుండని, మందులకి లొంగేదేనని తర్వాత తేలింది. ఆ పొద్దున మాకు అదేమీ తెలియదు.

అంబలి దింపేసి, తలుపు గొళ్ళెం పెట్టి బయలుదేరాం. ఆవిడకి పట్టుకోవడానికి భుజం కావాలి కాబట్టి నా కర్ర గుమ్మం దగ్గరే వదిలేశాను. ఆసుపత్రికి రోడ్డు ఎగువగా ఉంటుంది. అంతదూరం కర్ర లేకుండా నేనెప్పుడూ నడవలేదు. మా అత్త బరువంతా నా భుజం మీద వేసింది. వేసినా పెద్ద బరువేమీ లేదు, అంత చిక్కిపోయింది. ఇన్నాళ్ళూ కళ్ళెదుటే ఉన్నా నేను చూడలేదు. మలుపు దగ్గర నడుం లాగి ఆగిపోయాను.

"ఏటి, నీకూ నలతా?" అంది.

"నలత కాదత్తా, నొప్పి. లాగుతున్నాది. కాసేపు ఆగి ఎల్దాం."

నా నోట ఆ మాట విని గదమాయిస్తుందనుకున్నాను. గదమాయించలేదు. నా నడుం మీద, సరిగ్గా ఆ చోటే, చెయ్యి వేసి నిలబడింది. ఇద్దరం కాసేపు ఆగాం. మళ్ళీ నడిచాం.